ఎనిమిదీ ఇరవై రెండు

మహిమ ఆ పత్తి మిల్లులో గేటు కంప్యూటర్ దగ్గర కూర్చోవడం అది మూడో సీజన్. భైంసా దాటి నిర్మల్ రోడ్డు పట్టుకుంటే రెండో మలుపులో ఉంటుంది ఆ మిల్లు. గేటు పక్కన రేకుల గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద పాత కంప్యూటర్, దానికి తగిలించిన వేలిముద్రల మిషన్. కూలీలు లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి దాని మీద వేలు పెడతారు. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి పోయారో కంప్యూటర్ తనంతట తానే రాసుకుంటుంది. పొద్దున ఆరింటి షిఫ్టు వాళ్ల కోసం వాచ్‌మన్ దాన్ని ఆన్ చేసి పెడతాడు. మహిమ తొమ్మిదికి వస్తుంది. పది దాటాక, రెండింటి షిఫ్టు వాళ్లు వచ్చే దాకా ఆమెకు పెద్దగా పనుండదు.

ఆమె కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి కంప్యూటర్ కోర్సు చదివింది. తండ్రి దేవసహాయం కౌలు రైతు, మెథడిస్టు క్రైస్తవ సంఘంలో పెద్ద. చదువయ్యాక ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఇంటికి దగ్గరని ఈ గేటు పనిలో చేరింది. ఆ దసరా తర్వాత, తనతో చదివిన నవనీత కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది.

"మా కంపెనీల సర్వర్లు చూసే పని ఖాళీ ఐతున్నది. జనవరిల పరీక్ష పెడ్తరు. లినక్స్ రావాలె మహిమా. పుస్తకంల చదివితె రాదు, చెయ్యితోని చెయ్యాలె."

లినక్స్ కూడా విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే సిస్టమ్. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉన్నది మిల్లులో ఈ ఒక్కటే. అందులో పాత విండోస్. దానికిక కంపెనీ నుంచి మరమ్మతులు రావని తెర మీద రోజూ ఒక హెచ్చరిక వస్తోంది. కొత్త విండోస్ ఎక్కించాలంటే కంప్యూటర్‌కు ఆ తాహతు లేదు. మేనేజర్ ఓంప్రకాశ్‌కు చూపిస్తే ఆయన చెయ్యి ఊపేశాడు.

"ఈ సీజన్ నడిపియ్యి బేటీ. దాంట్ల వేరేది ఏది ఎక్కియ్యకు. హాజరీ సాఫ్ట్‌వేర్ ఖరాబైతే నాకు పరేషాన్."

హాజరీ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. కాబట్టి విండోస్‌ను తీసెయ్యడం కుదరదు. దాని పక్కనే, దాన్ని ముట్టుకోకుండా, లినక్స్‌ను ఎక్కించుకుంటే? హార్డ్ డిస్కులో సగానికి పైగా ఖాళీయే. ఎవరికీ నష్టం లేదనిపించింది. వారం రోజులు ఆలోచించి, ఒక పెన్‌డ్రైవ్ కొన్నది.

లినక్స్‌లో రకాలెన్నో. ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ మీదనే నడిపి చూసుకునే వీలుంది. మొదట తెచ్చినది చూడటానికి ముచ్చటగా ఉంది గానీ, కంప్యూటర్ దాన్ని మోయలేక ఫ్యాను గోలపెట్టి అరిచింది. రెండోది తేలికే, కానీ ఇంటర్నెట్ అందుకోలేదు. మూడోది సాదాసీదాది, ముసలి కంప్యూటర్ల కోసమే చేసినట్టుంది. ఇంటర్నెట్ వచ్చింది, తెలుగు అక్షరాలు ఒత్తులు చెదరకుండా కనిపించాయి. అదే ఖాయం చేసుకుంది.

ఎక్కించేటప్పుడు ఒక తెర వచ్చింది. డిస్కంతా తుడిచెయ్యాలా, విండోస్ పక్కన చోటు చేసుకోవాలా అని అడిగింది. తప్పు మీట నొక్కితే మూడు సీజన్ల హాజరీ పోతుంది. మహిమ ఆ తెరను నాలుగుసార్లు చదివింది. మనసులో ప్రార్థన చేసుకుని, పక్కన అన్నదాన్ని నొక్కింది. అరగంటలో పని అయిపోయింది. ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చేవి. పది సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే విండోస్ దానంతట అదే తెరుచుకునేది. వాచ్‌మన్‌కు తేడా తెలియలేదు.

ఒక్కటే చిక్కు మిగిలింది. కంప్యూటర్ లోపలి గడియారాన్ని ఈ రెండూ రెండు రకాలుగా చదువుతాయి. లినక్స్ లండన్ లెక్క పెట్టి పోతుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. లినక్స్ నుంచి విండోస్‌కు వచ్చినప్పుడల్లా మూలనున్న గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయేది. దాన్ని శాశ్వతంగా సరిచేసే ఉపాయం ఉందని ఆమె చదివింది. తర్వాత చూద్దామనుకుంది. అప్పటికి రోజూ విండోస్‌లోకి రాగానే చేత్తో టైము దిద్దేసేది. నిమిషం పని.

నవంబరు చివర ఒక మంగళవారం ఆ నిమిషం దొరకలేదు. పాఠంలో మునిగి ఆమె టైము చూసుకోలేదు. ఒకటీ నలభై అయిదుకు ఓంప్రకాశ్ లారీ డ్రైవర్‌తో మాట్లాడుతూ గది ముందుకే వచ్చి నిలబడ్డాడు. గబగబా లినక్స్ మూసి విండోస్ తెరిచింది. అది తీరిగ్గా తెరుచుకునేసరికి హనుమండ్లు కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. వాగు అవతలి ఊరి నుంచి రోజూ ఒకే బస్సుకు వస్తాడు, రెండింటి షిఫ్టులో అందరికంటే ముందు వేలు అతనిదే.

"జర జల్ది కానియ్యి బిడ్డా, గా మ్యాన్జర్ చూస్తుండు," అంటూనే మిషన్ మీద వేలు పెట్టేశాడు. అది కూత పెట్టింది.

మహిమ మూలకు చూసింది. ఎనిమిదీ ఇరవై రెండు.

"కాకా, ఒక్క నిమిషం..." అని ఆగిపోయింది. మళ్లీ వేలు పెట్టిస్తే అతను బయటికి పోయినట్టు రాసుకుంటుంది సాఫ్ట్‌వేర్. ఒకసారి పడిన హాజరీని దిద్దే అధికారం ఆమెకు లేదు.

"ఏందమ్మా?"

"ఏం లే కాకా. పో."

టైమును ఒకటీ యాభై రెండుకు దిద్దింది. వెనక వచ్చిన వాళ్లందరివీ సరిగ్గా పడ్డాయి. నెలాఖరున క్లర్కుకు చెప్పి ఆ ఒక్కటీ రాయిద్దామనుకుని ఊరుకుంది.

హనుమండ్లు పని పత్తి కుప్పల దగ్గర. మిషన్లలోకి పత్తిని పీల్చుకునే పెద్ద గొట్టం ఉంటుంది. కుప్ప అడుగు నుంచి పత్తిని లాగి దాని నోటికి అందించాలి. ఆ వారం పంట ముంచెత్తి, కుప్ప రెండంతస్తుల ఇల్లంత లేచింది. అడుగున లాగి లాగి గుహలా అయింది. పైనుంచి తియ్యమని చెప్పేవాడు లేడు, చెబితే వినేంత తీరిక లేదు. అతనితో పనిచేసే ఇద్దరు మరాఠా కూలీలు చాయ్‌కి పోయినప్పుడు కుప్ప కూలింది. పత్తి కూలితే చప్పుడు కాదు. గొట్టం ఉత్త గాలి పీలుస్తోందని లోపలి మిషన్ ఆపరేటర్ బయటికి వచ్చి చూసేసరికి అయిదున్నర. బయటికి తీసేసరికి ఆరు దాటింది.

మహిమ కూడా పరిగెత్తింది. అతని ముక్కులో, నోట్లో పత్తి కుక్కుకుని ఉంది. ఎవరో వేలు పెట్టి తీస్తుంటే అది పోగులా సాగి సాగి వస్తోంది.

పోలీసులు వచ్చి పోయారు. ఓంప్రకాశ్ గేటు గది దగ్గరికి వచ్చి, "రేపు పొద్దుగాల హాజరీ ప్రింటు తియ్యాలె. పోలీసోళ్లకు ఇయ్యాలె," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంటికి పోయిందన్న మాటే గాని ఆమెకు ఒకటే భయం. పోలీసులు కంప్యూటర్ తెరుస్తారు. నల్ల తెర మీద రెండు పేర్లు కనిపిస్తాయి. ఇదెవరు పెట్టారంటారు. చచ్చిన మనిషి గురించి కాదు, ఆ రెండో పేరు గురించే ఆలోచించింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు సిగ్గనిపించింది ఆ సంగతికే.

మర్నాడు తొమ్మిదికి రావలసింది ఏడింటికే వచ్చింది. లినక్స్ ఉన్న భాగాన్ని విండోస్‌లో నుంచే చెరిపేసింది. కంప్యూటర్ ఆపి ఆన్ చేస్తే విండోస్ తెరుచుకోలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఒక ఇంగ్లీషు ముక్క నిలబడిపోయింది. రెండు పేర్లు చూపించే ఆ మొదటి తెరను నడిపేది కూడా చెరిపేసిన భాగంలోనే ఉందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. విండోస్ డిస్కు పెట్టి రెండు ఆజ్ఞలు కొడితే సరవుతుంది. ఆ డిస్కు ఆమె దగ్గర లేదు.

ఓంప్రకాశ్ భైంసా బస్టాండు దగ్గరి కంప్యూటర్ మెకానిక్ నరేశ్‌ను పిలిపించాడు. నరేశ్ తెర చూశాడు, మహిమను చూశాడు.

"దీంట్ల ఏమన్న పెట్టినవా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

ఓంప్రకాశ్ వెనకే ఉన్నాడు. "ఏం లే," అంది మహిమ.

"అట్లైతె ఫార్మాట్ కొట్టుడే. హాజరీ వేరే డ్రైవుల ఉన్నది, దానికేం కాదు. మిగిలినదంత పోతది."

ఫార్మాట్ అక్కర్లేదని ఆమెకు తెలుసు. నిన్న మధ్యాహ్నం గడియారం దిద్దిన సంగతి విండోస్ తన చిట్టాలో రాసుకుని ఉంటుందనీ, ఫార్మాట్ కొడితే అదీ పోతుందనీ తెలుసు. ఆ మాట చెబితే ఇంత తెలిసినదానివి ఏం చేశావని అడుగుతారు. నోరు విప్పలేదు. నరేశ్ గంటన్నరలో అంతా తుడిచి కొత్తగా ఎక్కించి పోయాడు.

ప్రింటు తీసి ఓంప్రకాశ్ చేతిలో పెట్టింది. ఆయన వేలితో వరుసగా చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"హనుమండ్లు పొద్దుగాల ఎనిమిదింటికి వచ్చిండా?"

"తెల్వద్ సార్. నేను తొమ్మిదికొస్త."

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఆ ముఖంలో ముందు అనుమానం కనిపించింది. తర్వాత అది పోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "సరే బేటీ," అన్నాడు.

ఆ సాయంత్రానికే మిల్లులో మాట మారింది. హనుమండ్లు ముందు రోజు రాత్రి పది దాకా చేసి, డబల్ డ్యూటీకి ఆశపడి పొద్దున మళ్లీ వచ్చాడట. రెండింటికి షిఫ్టు దిగి, ఇంటికి పోకుండా, అలసిపోయి పత్తి కుప్పలో నిద్రపోయాడట. పనిలో లేని మనిషికి మిల్లు ఎట్లా పూచీ అవుతుంది? ఆ ఇద్దరు మరాఠా కూలీలను మూడో రోజుకే వాళ్ల ఊరికి పంపించేశారు.

అయిదో రోజు హనుమండ్లు భార్య శంకరవ్వ గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ లోపలికి పోనివ్వకపోతే కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. బక్కచిక్కిన మనిషి, చేతుల నిండా పత్తి కాయ గీరిన గీతలు.

"బిడ్డా, నీ పెట్టెల మా ఆయన ఎన్ని గంటలకొచ్చినట్టున్నది?"

మహిమ తెర వంక చూసింది. చూడనవసరం లేకపోయినా చూసింది. "ఎనిమిదీ ఇరవై రెండు."

"పొద్దుగాలనా?"

"ఆఁ."

"ఎనిమిదింటికి నాతోని శేన్ల పత్తేరుతుండె. పదకొండుకు ఇంటికొచ్చి బువ్వ తిని బస్సెక్కిండు. నా చేతి బువ్వ తిని పోయిండు బిడ్డా." శంకరవ్వ ఏడవలేదు. అర్థంకాక అడుగుతోంది, అంతే. "పెట్టె అబద్ధమెట్ల చెప్తది? ఎవలన్న చెప్పిస్తె చెప్తది గని."

మహిమ తల ఎత్తలేదు. శంకరవ్వ వచ్చిన దారినే పోయింది.

ఆ రోజు ఇంట్లో తండ్రికి మొత్తం చెప్పింది. ఆయన సంఘంలో సాక్ష్యం గురించి, సత్యం గురించి గంటసేపు చెప్పగల మనిషి. తనను తిట్టి, పద, పోయి చెబుదామంటాడనుకుంది.

"నువ్వు చెప్తె చచ్చినోడు లేస్తడా?" అన్నాడు దేవసహాయం. "ఉద్యోగం పోతది. నీ మీద్నే కేసు పెడ్తరు. ఊకుండు."

"బాపూ, నువ్వేనా అంటున్నది?"

"నేనే అంటున్న. నాకు ఒక్క బిడ్డవు." ఆయన లేచి బయటికి పోయి, చీకట్లో అట్లాగే కూర్చున్నాడు.

ఆమె ఇంకా ఆరు రోజులు ఊకుంది. ఏడో రోజు గేటు పనికి పోకుండా నిర్మల్ బస్సెక్కింది. కార్మిక శాఖ ఆఫీసులో ఆఫీసరమ్మ ఎదుట కూర్చుని, పెన్‌డ్రైవ్ కొన్న నాటి నుంచి ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆఫీసరమ్మ శ్రద్ధగానే వింది, రాసుకుంది.

"ఆ రెండో సిస్టమ్ ఇప్పుడు కంప్యూటర్‌లో ఉందా?"

"లేదు మేడమ్. తీసేసిన."

"మేనేజర్ తీయమన్నాడా?"

"లేదు. ఎవలు చెప్పలే. నేనే."

"గడియారం మార్చినట్టు విండోస్‌లో అయినా ఉంటుందా?"

"ఫార్మాట్ ఐంది."

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "చూడమ్మా, నువ్వు చెప్పేది నిజమేనని నాకనిపిస్తోంది. కానీ నాకనిపిస్తే చాలదు. ఆ సిస్టమ్ ఉన్నట్టు చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

ఉన్నాడు. మహిమ అక్కడి నుంచి నేరుగా భైంసా బస్టాండుకు, నరేశ్ షాపుకు పోయింది. అతను ఎవరిదో కీబోర్డు విప్పి దుమ్ము దులుపుతున్నాడు. ఆమె చెప్పేది తలెత్తకుండా విన్నాడు.

"చూసిన అక్కా. చూడంగనే తెలిసింది, లినక్స్ తీసేసినవని. గందుకే అడిగిన నిన్ను. నువ్వు లేదంటివి."

"గదే చెప్పు తమ్మీ. తెర చూసిన అని ఒక్క మాట రాసియ్యి."

నరేశ్ కీబోర్డును పక్కన పెట్టాడు. "గీ ఊర్ల మిల్లులన్నిట్లకు నేనే పోత. ఒక్క మిల్లు మీద సంతకం పెడితె అన్నిట్ల గేటు మూస్తరు. నువ్వు పది రోజులు భయపడ్డవు కదా అక్కా, నీ ఒక్క ఉద్యోగానికే. నాకు ఇద్దరు పిల్లలు. నన్నెట్ల అడుగుతవు?"

మహిమ షాపు మెట్లు దిగి ఇంటి బస్సెక్కింది.

మిల్లు వాళ్లకు సంగతి రెండు రోజుల్లో తెలిసింది. ఓంప్రకాశ్ కోప్పడలేదు, కేసు పెడతానని బెదిరించలేదు. "నేను నిన్ను బిడ్డ లెక్క అనుకుని పని ఇప్పిచ్చిన. గింత చెప్పిన, వేరేది ఏది ఎక్కియ్యకని," అన్నాడు నొచ్చుకుంటూ. ఆ నొప్పి నిజమైనదే అనిపించింది ఆమెకు. పని నుంచి తీసేసినట్టు కాగితం చేతిలో పెట్టాడు. అందులో ఆమె తొలగింపు తేదీ, నిర్మల్ పోయిన రోజుకు ముందు రోజు వేసి ఉంది. శంకరవ్వ పరిహారం కోసం పెట్టిన కేసులో, కార్మిక శాఖ విచారణకు మిల్లు తరఫున వచ్చినవాళ్లు ఆ కాగితమే చూపించారు. పని పోయిందన్న కక్షతో కల్పించిన కథ, రెండో సిస్టమ్ అనేదే లేదు, కావాలంటే కంప్యూటర్ చూసుకోండి అన్నారు. చూశారు. విండోస్ ఒక్కటే ఉంది. విచారణ వాయిదా పడింది, మళ్లీ వాయిదా పడింది.

మూడో వాయిదా రాకముందే శంకరవ్వ తమ్ముణ్ణీ, ఊరి పెద్దమనుషుల్నీ మిల్లు వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడారు. రాజీ కాగితం మీద వేలు పెడితే ఇప్పుడు చేతికి వచ్చేది వస్తుంది, లేకపోతే అదీ లేదన్నారు. ఇంట్లో పెండ్లీడుకొచ్చిన వాళ్లెవరూ లేకపోయినా, తినే నోళ్లు మూడున్నాయి. శంకరవ్వ వేలు పెట్టింది.

కేసు వాపసు తీసుకోవడానికి ఆమె నిర్మల్ వచ్చిన రోజు, ఆఫీసరమ్మ రమ్మంటే మహిమ కూడా వచ్చింది. జనవరి నడుస్తోంది. కరీంనగర్ పరీక్షకు ఆమె పోలేదు. పని అయ్యాక ఇద్దరూ బస్టాండులో ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. శంకరవ్వ తమ్ముడు చాయ్ తేవడానికి పోయాడు.

"అవ్వా," అంది మహిమ. "తప్పంత నాదే."

"ఎరుకే. ఆఫీసరమ్మ చెప్పింది." శంకరవ్వ రోడ్డు వంకే చూస్తోంది. "నేను కిటికికాడికి వచ్చిన్నాడు ఎందుకు చెప్పలే? గప్పుడు మా తమ్ముడు గట్టిగున్నడు. ఊరోళ్లు మా దిక్కే ఉండిరి. బస్సు కండక్టరు గూడ యాదుంచుకునే ఉండె, మా ఆయన ఏ బస్సెక్కిండో. నెల గడిచినంక అడిగితె గాయనకు యాది లే."



శంకరవ్వ కొంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం తీసింది. "నాకు సదువు రాదు. మా తమ్ముణ్ణి అడిగితె, ఉత్త రాజీ కాగితమే అక్కా, ఏం లేదంటడు. నువ్వు సదివి చెప్పు."

మహిమ కాగితం విప్పింది. టైపు చేసిన తెలుగు. పైన పేర్లు, ఊళ్లు, తేదీ. చదవడం మొదలుపెట్టింది. నాలుగో వరుస దగ్గర కళ్లు ముందుకు పోయి ఆగాయి. ఆ వరుస దాటేసి చదివినా శంకరవ్వకు తెలియదు. తమ్ముడు కూడా ఆ మాటే కదా దాచాడు. దాటెయ్యడమే దయ అనిపించింది ఒక్క క్షణం.

"ఎందుకాగినవు?"

"...సదరు హనుమండ్లు తన విధి సమయం ముగిసిన పిమ్మట, మిల్లు యాజమాన్యం అనుమతి లేకుండా, పత్తి నిల్వలలో నిద్రించి, తన స్వంత నిర్లక్ష్యం వలన మరణించినట్లు నేను ఒప్పుకొనుచున్నాను."

"నేను అంటే?"

"నువ్వే అవ్వా."

ప్లాట్‌ఫారం మీదికి భైంసా బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. చాయ్ గ్లాసులు పట్టుకుని తమ్ముడు అటు నుంచి పిలుస్తున్నాడు.

"మల్లోసారి సదువు," అంది శంకరవ్వ. "మొదటికెల్లి."

మహిమ మొదటి నుంచి చదివింది.